ప్రళయాలు కలుస్తాయి, పడవలు కలవవు

ప్రపంచ పురాణగాథల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు 'అన్ని చోట్లా ఒకటే కథ కదండీ' అంటారు. మనువు పడవ, నోవహు ఓడ, బాబిలోనియా మట్టిపలకల మీది నావ, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే దానివల్ల తెలిసేది చాలా తక్కువ. మనుషులందరికీ రెండు కళ్లుంటాయని చెప్పినట్టుంటుంది. ఒక సమాజం దేనికి భయపడింది, ఎవరి మాట చెల్లించుకుంది, ఏ వస్తువుల మధ్య బతికింది అన్నది తెలియాలంటే కథలు కలిసిన చోటు దాటి, విడిపోయిన చోట కూర్చోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. చూపించడానికి ప్రళయ కథనే తీసుకుంటాను, ఎందుకంటే ఈ రంగంలో తప్పటడుగులు ఎక్కువగా పడేదీ అక్కడే.

1872 డిసెంబరు 3న లండన్‌లో జార్జ్ స్మిత్ ఒక ప్రసంగవ్యాసం చదివాడు. కరెన్సీ నోట్ల అచ్చుదిమ్మెలు చెక్కడం నేర్చుకుంటూ, మధ్యాహ్నం విరామాల్లో బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లి మట్టిపలకల మీది మేకు ఆకారపు రాత, క్యూనిఫాం లిపి, పట్టుకున్న మనిషి. నినెవేలోని అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయం నుంచి వచ్చిన ఒక పలక మీద ప్రళయమూ, కొండ మీద ఆగిన నావా, వదిలిన పావురమూ ఉన్నాయని ఆ సాయంత్రం చెప్పాడు. ప్రధాని గ్లాడ్‌స్టన్ కూడా సభలో ఉన్నాడు. అది గిల్గమేష్ అనే రాజు గురించిన మెసొపొటేమియా గాథలో పదకొండో పలక. బైబిలు నిజమని రుజువైందని కొందరు, బైబిలు కాపీ కొట్టిందని కొందరు వాదులాడుకున్నారు. రెండు పక్షాలూ పట్టుకున్నది పోలికనే.

పోలికను కాసేపు పక్కన పెట్టి, గిల్గమేష్ పలక కంటే వెయ్యేళ్లు పాతదైన అత్రహాసిస్ గాథ చదవండి. క్రీ.పూ. 17వ శతాబ్దంలో, బాబిలోన్ రాజు అమ్మిసదూకా కాలంలో ఎత్తి రాసిన ప్రతి: మూడు పలకలు, 1245 పాదాలు. కథ మొదలయ్యేటప్పటికి మనుషులు లేరు. కాలువలు తవ్వే చాకిరీ అంతా చిన్న దేవుళ్లది. వాళ్లు విసిగిపోయి, పనిముట్లు తగలబెట్టి, రాత్రివేళ పెద్ద దేవుడు ఎన్లిల్ ఇంటిని చుట్టుముట్టారు. సమ్మె అన్నమాట. రాజీగా ఒక దేవుణ్ణి చంపి, అతని రక్తమాంసాలు మట్టిలో కలిపి మనిషిని చేశారు. ఇక తవ్వకం పని మనిషిది. మనుషులు పెరిగారు, గోల పెరిగింది, ఎన్లిల్‌కి నిద్ర కరువైంది. రోగం పంపాడు, అనావృష్టి పంపాడు, చివరికి ప్రళయం. పాపం, దుర్మార్గం అన్న మాటే లేదు. ఉన్నదల్లా జనం ఎక్కువై గోల ఎక్కువవడం.

మనుషులకు చెప్పకూడదని దేవుళ్లందరి మధ్య ఒట్టు ఉంది. ఎంకి అనే దేవుడు ఆ ఒట్టు తప్పకుండానే తప్పాడు: మనిషితో కాక, అతని ఇంటి రెల్లు గోడతో మాట్లాడాడు. 'గోడా, విను' అని. ఆ రెల్లు ఇంటినే విప్పి పడవ కట్టమన్నాడు. ఇరాక్ దక్షిణాన చిత్తడి నేలల్లో ఇళ్లు రెల్లుతోనే కట్టేవాళ్లని, ఆ గోడకి ఇవతల గుసగుసలాడితే అవతలకి వినిపిస్తుందని తెలిసినవాడికే ఈ ఉపాయం తడుతుంది. రాతి గోడల ఊళ్లో ఈ సన్నివేశం పుట్టదు. ఇదే గాథకు చెందిన మరో పలకను 2014లో ప్రచురించారు. అందులో పడవ గుండ్రంగా ఉంది, మనం నదుల మీద చూసే పుట్టిలాగా. తాటిజాతి నారతో పేనిన తాడు చుట్లు చుట్టి, తారు పూయాలి. వ్యాసం దాదాపు 70 మీటర్లు, గోడ ఎత్తు ఆరు మీటర్లు. రాసినవాడికి రోజూ కళ్లబడే పుట్టినే వందల రెట్లు పెంచి లెక్క కట్టాడు.

నీళ్లు తీశాక జరిగింది ఇంకా విలువైనది. మనుషులు పోయాక నైవేద్యం పెట్టేవాళ్లు లేక దేవుళ్లు ఆకలితో మాడిపోయారు. బతికి బయటపడినవాడు బలి ఇవ్వగానే ఆ వాసనకి ఈగల్లా ముసిరారు. తర్వాత మళ్లీ జనం పెరిగిపోకుండా కొత్త నియమాలు పెట్టారు: కొందరు స్త్రీలు గొడ్రాళ్లవుతారు, పురిటి బిడ్డలను ఎత్తుకుపోయే ఒక పిశాచం ఉంటుంది, కొన్ని రకాల పూజారిణులు పిల్లల్ని కనకూడదు. శిశు మరణాలకూ సంతానలేమికీ గుళ్లలో అవివాహితలుగా ఉండిపోయే ఆడవాళ్లకూ ఒకే కథలో కారణం దొరికింది.

ఇప్పుడు బైబిలు మొదటి పుస్తకం, ఆదికాండం, తెరవండి. నీళ్లు రావడానికి కారణం భూమి మీద నిండిన హింస. దిగాక నోవహు బలి ఇస్తాడు, యెహోవా ఆ సువాసనను ఆఘ్రాణిస్తాడు. పాత కథ ముక్క ఒకటి అక్కడ మిగిలిపోయింది, కానీ ఆకలి మాయమైంది, ఈగలు మాయమయ్యాయి. ఆ వెంటనే వచ్చే ఆజ్ఞ: ఫలించండి, అభివృద్ధి పొందండి, భూమిని నింపండి. బాబిలోనియా కథ జనాన్ని తగ్గించడంతో ముగిస్తే, ఇది పెంచడంతో మొదలుపెడుతోంది. పొరుగు కథ బాగా తెలిసినవాళ్లే దాన్ని ఇంత కచ్చితంగా తిరగేయగలరు. రెంటినీ 'ప్రళయ కథ' అనే ఒకే డబ్బాలో వేస్తే ఈ గొడవంతా కనబడకుండా పోతుంది.

ఇలా తేడాలు వెతకడం ఎవరైనా చేయవచ్చు. కావలసింది ఒక పెద్ద కాగితం. నిలువు గళ్లలో పాఠాలు, అంటే కథ రాతకెక్కిన వేర్వేరు రూపాలు; అడ్డ వరుసల్లో ప్రశ్నలు. ప్రళయానికైతే పది ప్రశ్నలు చాలు: ఎందుకు వచ్చింది, ముందే చెప్పింది ఎవరు, ఎవరికి చెప్పారు, దేనిలో తప్పించుకున్నారు, దాన్ని దేనితో కట్టారు, ఎవరెవరు ఎక్కారు, ఎన్నాళ్లు సాగింది, ఎక్కడ ఆగింది, దిగగానే చేసిన మొదటి పని ఏమిటి, ఆ తర్వాత లోకంలో వచ్చిన కొత్త నియమం ఏమిటి. పాఠం చెప్పనిది ఖాళీగా వదిలేయాలి. పక్క కథ నుంచి తెచ్చి నింపారంటే పట్టిక అక్కడితో పాడైనట్టే. మొదటి రెండు మూడు వారాలు రెండే రెండు పాఠాలతో గడపడం మేలు. పదిహేను గాథల సారాంశాలు చదివినవాడికి పోలికలే కంటబడతాయి. సారాంశం రాసినవాడు విడ్డూరాలన్నీ ముందే ఏరి పారేసి ఉంటాడు కాబట్టి. వీలైతే ఒకే మూలానికి రెండు వేర్వేరు అనువాదాలు పెట్టుకోండి. అవి తేడా పడ్డ పదం దగ్గర పలక విరిగి ఉంటుంది, లేదా ఆ పదానికి అర్థం ఇంకా తేలి ఉండదు.

పట్టికలో నాకు బాగా ఇష్టమైన వరుస 'ఎవరెవరు ఎక్కారు' అన్నది. గిల్గమేష్ పలకలో కుటుంబంతో, పశువులతో పాటు అన్ని రకాల వృత్తిపనివాళ్లూ ఎక్కారు. నగరాల్లో బతికినవాళ్ల కథ అది. కుమ్మరీ వడ్రంగీ లేకుండా లోకం మళ్లీ మొదలవుతుందని వాళ్లు ఊహించలేకపోయారు. ఆదికాండంలో మనుషులు ఎనిమిది మంది: నోవహు, భార్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లు. వంశమే లోకం. యాగాలను వివరించే వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణంలో ఎక్కింది మనువు ఒక్కడే.

ఆ శతపథ కథ దగ్గర కాస్త ఆగాలి. చిన్న గద్యం. మనువు పొద్దున చేతులు కడుక్కుంటుంటే చేప దొరికింది. 'నన్ను పెంచు, నిన్ను దాటిస్తాను' అంది. చిన్న చేపను పెద్ద చేప మింగుతుంది కాబట్టి ముందు కుండలో, తర్వాత గోతిలో, ఆ తర్వాత సముద్రంలో ఉంచమంది. వరద వచ్చినప్పుడు పడవ తాడును దాని కొమ్ముకు కట్టాడు, ఉత్తరపు కొండకు చేరాడు. వరద ఎందుకొచ్చిందో ఒక్క ముక్క లేదు. జంతువులు లేవు, విత్తనాలు లేవు. పట్టికలో సగం గళ్లు ఖాళీ. కథకుడు మరచిపోయాడా? లేదు, అతని దృష్టి వేరే చోట ఉంది. దిగాక మనువు నెయ్యి, పెరుగు, మీగడ వంటివి నీళ్లలో ఆహుతి ఇచ్చాడు, ఏడాదికి అందులోంచి ఇడ అనే స్త్రీ లేచింది. ఈ గద్యం ఉన్న చోటు యాగంలో ఇడ అనే ఆహుతిని వివరించే భాగం. ప్రళయం దానికి పీఠిక మాత్రమే. కథను పుస్తకంలోంచి కత్తిరించి 'భారతీయ ప్రళయ గాథ' అని పేరు పెట్టి చదివితే ఈ సంగతి ఎప్పటికీ తట్టదు. కథ ముందు పేజీ, వెనక పేజీ తప్పనిసరిగా చదవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇదే చేప తర్వాత మారుతూ వచ్చింది. మహాభారతం వనపర్వంలో పడవలోకి సప్తర్షులూ సమస్త బీజాలూ వచ్చాయి, చేప తాను బ్రహ్మనని చెప్పుకుంది. మత్స్యపురాణంలో చేప విష్ణువైంది. భాగవతంలో మనువు ద్రవిడ రాజు సత్యవ్రతుడయ్యాడు, చేప దొరికిన చోటు కృతమాలా నది, వేదాలను దొంగిలించిన హయగ్రీవుడు కథలోకి వచ్చాడు. ఒకే కథ, ఒకే భాష, నాలుగు పాఠాలు. యజ్ఞం నుంచి భక్తికి జరిగిన ప్రయాణం చేప ఎవరన్న ఒక్క గడిలోనే కనబడుతుంది. 'భారతీయ పురాణం ఏమంటుంది' అనే ప్రశ్నకు జవాబు లేదు. ఏ కాలపు పాఠం ఏమంటుందన్నదే అడగదగ్గ ప్రశ్న.

చైనా దగ్గర పట్టిక విరిగిపోతుంది. అక్కడ వరద ఉంది, పడవ లేదు, తప్పించుకోవడం లేదు. గున్ అనేవాడు తనంతట తాను పెరిగే మట్టిని అనుమతి లేకుండా తెచ్చి, తొమ్మిదేళ్లు కట్టలు కట్టాడు, ఓడిపోయాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. కొడుకు యూ కట్టలు మాని కాలువలు తవ్వి నీటిని సముద్రానికి పంపాడు. తత్వవేత్త మెన్షియస్ లెక్కలో ఎనిమిదేళ్లు, చరిత్రకారుడు సిమా చియన్ లెక్కలో పదమూడేళ్లు. సొంత ఇంటి ముందు నుంచి మూడుసార్లు వెళ్లినా లోపలికి అడుగు పెట్టలేదని మెన్షియస్ చెప్తాడు. ఆ తర్వాత అతనే రాజు, చైనా తొలి రాజవంశంగా చెప్పుకునే షియాకు మూలపురుషుడు. నీటిపారుదల ఇంజనీరుకు సింహాసనం దక్కిన కథ ఇది.

ఈజిప్టు ఇంకా విచిత్రం. అక్కడ ఏటేటా వచ్చిన నైలు వరదే తిండి పెట్టేది. అందుకేనేమో, మానవ సంహారానికి దేవుడు నీళ్లు పంపలేదు, ఆడ సింహం రూపంలో తన కన్నునే, అంటే ఒక దేవతను, పంపాడు. ముసలివాడైన సూర్యదేవుడు 'రే' మీద మనుషులు కుట్ర పన్నారు, అదీ కారణం. సంహారం మొదలయ్యాక ఆయనకు జాలి కలిగి, 7000 జాడీల బీరులో ఎర్రమన్ను కలిపించి పొలాల్లో పోయించాడు. తెల్లారి దేవత దాన్ని రక్తమనుకుని తాగి, మత్తెక్కి, మనుషులను గుర్తుపట్టలేక వెనక్కి వెళ్లిపోయింది. అంటే పొలాలు మునగడం వల్లనే మనుషులు బతికారు. ఫారో సేతి మొదటివాడి సమాధి గోడల మీద ఉన్న ఈ పాఠాన్ని ప్రళయ గాథల జాబితాలో సాధారణంగా చేర్చరు. నేనైతే మొదటి పేజీలోనే చేరుస్తాను.

ఇక బోల్తా పడే చోట్లు. అన్నిటికంటే పెద్దది రాసినవాడి తేదీని చూడకపోవడం. నార్స్, అంటే ఉత్తర ఐరోపా, గాథల్లోనూ ప్రళయం ఉందని తరచూ రాస్తుంటారు: ఈమిర్ అనే మహాకాయుణ్ణి చంపితే ఆ రక్తంలో రాక్షసులంతా మునిగిపోయారు, బెర్గెల్మిర్ ఒక్కడు భార్యతో 'లూదర్' అనేదాని మీదికెక్కి బతికాడు. ఇది చెప్పింది స్నోరి స్టర్లుసన్, సుమారు 1220లో. ఐస్‌లాండ్ క్రైస్తవం పుచ్చుకుని అప్పటికి రెండు శతాబ్దాలైంది. స్నోరి ఎత్తి చూపిన పాత పద్యంలో ఉన్నదల్లా బెర్గెల్మిర్‌ను లూదర్ మీద పడుకోబెట్టారని. వరద లేదు, భార్య లేదు. ఆ లూదర్ తిరగలి చట్రమో, ఉయ్యాలో, శవపేటికో పండితులకే తేలలేదు. నోవహు కథ తెలిసిన రచయిత ఆ ఖాళీని ప్రళయంతో పూరించాడని అనుకోవడానికి గట్టి ఆధారమే ఉంది. ఇలాంటి పోలిక మనకు మానవ మనస్తత్వం గురించి ఏమీ చెప్పదు, ఒక ఐస్‌లాండ్ రచయిత చదువు గురించి చెప్తుంది. కాబట్టి ప్రతి గాథ పక్కనా రెండు తేదీలు వేసుకోవాలి: అది రాతకెక్కినది ఎప్పుడు, ఆ జనం మధ్యకి మిషనరీలు వచ్చినది ఎప్పుడు. రెండోది ముందైతే నోవహు వాసన వచ్చే ప్రతి గడినీ అనుమానించాలి.

రెండోది, తవ్వకంలో కథ దొరికిందనుకోవడం. 1929లో పురావస్తు శాస్త్రవేత్త లియోనార్డ్ వూలీ ఇరాక్ దక్షిణాన ఊర్ నగరం అడుగున మీటర్ల మందాన ఒండ్రు పొర చూసి ప్రళయం దొరికిందన్నాడు. తర్వాత ఇతర నగరాల్లోనూ ఒండ్రు పొరలు బయటపడ్డాయి, వాటి కాలాలు కలవలేదు. టైగ్రిస్, యూఫ్రటీస్‌ల మధ్య బతికినవాళ్లకు వరద ఒకసారి వచ్చి పోయేది కాదు. కథకు ముడిసరుకు అదే, తేదీ మాత్రం అందులో వెతకకూడదు.

నమూనా ముందు పెట్టుకుని చదవడం మూడోది. సుమేరియన్ దేవత ఇనాన్న పాతాళానికి వెళ్తుంది. ఏడు ద్వారాల దగ్గర కిరీటం నుంచి వస్త్రం దాకా ఒక్కొక్కటి ఒలిచేస్తారు, చివరికి శవమై కొక్కేనికి వేలాడుతుంది. పలకల చివరి భాగం దొరకనన్నాళ్లూ, ఆమె వెళ్లింది చనిపోయిన ప్రియుడు దుముజిని తెచ్చుకోవడానికే అని పండితులు రాసేశారు. చచ్చి లేచే పంట దేవుడు అనే అచ్చు అప్పటికే సిద్ధంగా ఉంది మరి. 20వ శతాబ్ది మధ్యలో సుమేరియన్ పండితుడు శామ్యూల్ నోవా క్రేమర్ చేతికి మిగతా భాగం వచ్చాక చూస్తే వ్యవహారం తలకిందులు: తాను పైకి రావాలంటే బదులు మనిషిని ఇవ్వాలి, ఇల్లు చేరి చూస్తే తన కోసం ఏడవకుండా సింహాసనం మీద దర్జాగా కూర్చున్న దుముజి. వెంట వచ్చిన భూతాలకు అతన్నే చూపించింది. విరహ గాథ అనుకున్నది నిజానికి పూచీకత్తు వ్యవహారం.

అనువాదం కూడా వస్తువులను మార్చేస్తుంది. గ్రీకు కవి హెసియడ్ పద్యంలో, లోకంలోకి కష్టాలన్నిటినీ వదిలిన పండోరా తెరిచింది పెట్టె కాదు, పిథోస్. ధాన్యమో నూనెనో దాచే నడుమెత్తు మట్టి బాన. 1508లో డచ్ పండితుడు ఎరాస్మస్ దాన్ని 'పిక్సిస్' అన్నాడు, అంటే భరిణె. ఇక అప్పటి నుంచీ లోకమంతా పండోరా పెట్టే. నగల భరిణె తెరిస్తే అది కుతూహలం కథ. ఇంటి గాదె మూత తెరిస్తే, ఏడాది తిండిని కొత్త కోడలు ఏం చేస్తుందోనన్న రైతు దడ. లోపల 'ఆశ' ఒక్కటి మిగలడం కూడా బానకే అతుకుతుంది.

పేర్ల పోలికలకు మాత్రం నా దగ్గర ఓపిక తక్కువ. ద్యౌష్ పితర్, జ్యూస్ పాటేర్, జుపిటర్ ఒకటేనని నమ్ముతాం, చెవికి ఒకేలా వినబడుతున్నాయని కాదు, వందల మాటల్లో పనిచేసే ధ్వని సూత్రాలు అక్కడా పనిచేస్తున్నాయని. మనువు, నోవహు పేర్ల మధ్య అలాంటి సూత్రమేదీ లేదు. 19వ శతాబ్దంలో సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ ప్రతి వీరుడిలోనూ సూర్యుణ్ణి చూస్తుంటే, అదే పద్ధతిలో మాక్స్ ముల్లరే ఒక సూర్యగాథ అని 1870లో ఒకాయన వెటకారంగా నిరూపించాడు. పేర్లతో ఆడుకోవాలనిపించినప్పుడు ఆ వ్యాసం గుర్తు తెచ్చుకుంటే చాలు.

మధ్య, దక్షిణ అమెరికా పాఠాలు ఈ పట్టికకి కొత్త వరుసలు అడుగుతాయి. 1550లలో కీచే మాయా భాషలో లాటిన్ లిపితో రాసిన పోపోల్ వూహ్ అనే గ్రంథంలో దేవుళ్లు మనిషిని మట్టితో చేశారు, కరిగిపోయాడు. కొయ్యతో చేశారు, మాట వచ్చింది కానీ మనసు రాలేదు. వాళ్ల మీదికి వరద పంపారు. సరిగ్గా అప్పుడే ఇంట్లోని వస్తువులు తిరగబడ్డాయి. 'రోజూ మా ముఖాలు నూరారు' అని రుబ్బురాళ్లు, 'మమ్మల్ని మాడ్చారు' అని కుండలూ పెనాలూ, 'తిండి పెట్టకుండా కొట్టారు' అని కుక్కలు మీద పడ్డాయి. మిగిలినవాళ్లు కోతులయ్యారు. ఆ తర్వాతే మొక్కజొన్న పిండితో అసలు మనిషి తయారయ్యాడు. దేవుళ్ల కోపం సరే, తిరగలి కోపాన్ని లెక్కలోకి తీసుకున్న ప్రళయం మధ్యధరా తీరంలో ఎక్కడా లేదు.

ఆ వరుసలో ఇంకో గడి నింపగలిగేది వేల కిలోమీటర్ల దక్షిణాన, పెరూలో. 1608 ప్రాంతంలో కెచువా భాషలో రాసిన హువరోచిరి పత్రంలో ప్రళయం వస్తోందని చెప్పేది దేవుడు కాదు, ఒక లామా. మేత మానేసి ఏడుస్తూ యజమానికి చెప్తుంది, ఐదు రోజుల తిండి పట్టుకుని కొండెక్కమంటుంది. పడవ ఊసే లేదు. ఆ కొండ మీద ఇరుక్కున్న జంతువుల్లో నక్క తోక నీళ్లలో తడిసింది, అందుకే దాని కొస నలుపు. మరుసటి అధ్యాయంలో సూర్యుడు చచ్చిపోయి ఐదు రోజులు చీకటి కమ్మింది, రాళ్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, రోళ్లూ తిరగళ్లూ మనుషులను తినసాగాయి, లామాలు మనుషులను తోలుకెళ్లాయి. అదే పెరూలో, ఈ రాతకి వందల ఏళ్ల ముందు, మోచే అనే పాత నాగరికత కాలపు ఆలయ గోడ మీద కాళ్లూ చేతులూ వచ్చిన ఆయుధాలు మనుషులను తరుముతున్న బొమ్మలున్నాయి. మిషనరీల రాకకు చాలా ముందు గీసినవి కాబట్టి ఈ గడిని అనుమానించే పనిలేదు.